భూకంపములు - దేనిని కనిపెట్టి యుండవలెను?

సర్వంసహ యనియు, క్షమ యనియు మన పూర్వులు భూదేవికి పేర్లు పెట్టిరి. అన్నిటిని ఓర్చుకొనునది గావున ఆ పేర్లు తగినవే. కాని హిమాలయ పాదమున నివసించు జనులకు ఆ యోర్పునకును ఒక మేర గలదని అనుభవము నేర్పినది. ఉత్తర బీహారు పల్లెలలోను, నేపాలపు లోయలలోను, గఢ్వాలు కుమాయూను కొండలపైని, అస్సాములోను దూలమునకు వ్రేలాడు దీపము కొంచెము ఊగినచో తల్లి బిడ్డను చంకనెత్తుకొని వాకిటికి పరుగెత్తును. కుక్కలు రాత్రివేళ ఏడ్చినను, బావినీరు కలగినను, పెద్దలు ఒకరి మొగ మొకరు చూచుకొందురు. నేడు ఈ శకునములకు తోడు చేతిలోని టెలిఫోను ఒకటి వచ్చినది. "ఈ రాత్రి రెండుగంటలకు మహాభూకంపము రాగలదు, ఇండ్లలో పరుండకుడు" అను వార్త ఎవరు వ్రాసిరో తెలియకయే ఊరూర ప్రాకును. జనులు పసిబిడ్డలతో, ముసలివారితో మైదానమున చలిలో తెల్లవార్లు కూర్చుందురు. ఏమియు జరుగదు. తెల్లవాఱిన పిమ్మట ఎవరి యింటికి వారు మరలుదురు. ఆ యిల్లు నిన్న యెట్లుండెనో నేడును అట్లే యుండును.

ఈ కడపటి మాటయే మమ్ము నేడీ వ్యాసము వ్రాయించుచున్నది. భూమి కదలు ప్రదేశమున నివసించువారు జాగరూకులై యుండుట తప్పుగాదు, ఉండకుండుటయే తప్పు. అయినను దేనిని కనిపెట్టి యుండవలెనను ప్రశ్న మిగిలియున్నది. భూమిని కనిపెట్టు పని శాస్త్రజ్ఞులది. వారు దానిని శ్రద్ధతో చేయుచున్నారు. ప్రజలును, పురపాలక సంఘములును, ప్రభుత్వములును కనిపెట్టవలసినవి గోడలు, స్తంభములు, బడుల పైకప్పులు. ఈ రెండవ కాపలా మన దేశమున ఇంకను సరిగా ప్రారంభము కాలేదని మా యభిప్రాయము.

1934 జనవరి 15వ తేదీని బీహారు మఱవలేదు. మధ్యాహ్నము రెండుగంటలు దాటిన కొలది నిమిషములకు తూర్పు నేపాలమున భూగర్భము చీలెను. కంప ప్రమాణము ఇంచుమించు 8. ముంగేరు పట్టణమున బజారు వీధులు ఇటుకల కుప్పలయ్యెను. ముజఫర్‌పూరు, దర్భంగ, మోతీహారి, సీతామఢి పట్టణములు దెబ్బతినెను. నేపాలమున ఖాట్మండు, పాటన, భక్తపురములలో దేవాలయములును ఇండ్లును కూలెను. బీహారున 7,000 మందికి పైగా, నేపాలమున 8,000 మందికి పైగా మరణించిరి. గంగకు ఉత్తరమున సుమారు 300 కిలోమీటర్ల పొడవున నేల పట్టుదప్పెను. పొలములు బీటలువాఱి ఆ బీటలనుండి నీరును ఇసుకయు పైకి చిమ్మెను. బావులు ఇసుకతో పూడెను. కూలని కట్టడములు కొన్ని ఒకప్రక్కకు ఒరిగి, బురదలో దిగబడినట్లు భూమిలోనికి క్రుంగెను. చక్కెర మిల్లులు పాడుపడుటచే కోతకు వచ్చిన చెఱకు చేలలోనే నిలిచి, ఇల్లు పోయిన రైతునకు పంటయు పోవునట్టి గతి పట్టెను. గోరుచుట్టుపై రోకటిపోటన నిదియే. పట్టపగలు వచ్చుటచే పెక్కుమంది ఇండ్లవెలుపల నుండిరి. అర్ధరాత్రమున వచ్చియుండినచో మృతుల సంఖ్య యెంతయై యుండెడిదో ఊహింపనలవికాదు.

ఆ విపత్తున జాతీయోద్యమము చూపిన సేవాదీక్ష మన చరిత్రలో ఒక ఉజ్జ్వల ఘట్టము. రోగపీడితులై ఖైదులో నుండిన రాజేంద్రప్రసాదుగారు జనవరి 17వ తేదీన విడుదలయై, ఆరోగ్యమును లెక్కింపక బీహారు కేంద్ర సహాయ సంఘమును స్థాపించిరి. జవహర్‌లాలుగారు ముంగేరు శిథిలములలో స్వయముగ పలుగు పార పట్టిరి. మహాత్ముడు తన హరిజన యాత్రను నిలిపి మార్చి మాసమున బీహారునకు వచ్చి గ్రామగ్రామము తిరిగెను. నిన్నటివఱకు ఉప్పుచట్టమును ఉల్లంఘించిన వాలంటీరు నేడు బావులలోని ఇసుకను తోడెను. వెదుళ్లు మోసి గుడిసెలు వేసెను. ప్రభుత్వము ఆజ్ఞాపింపకయే ఒక జాతి తన కాళ్లపై తాను నిలువగలదని ఆ దినములు చాటినవి.

ఆ దినములలోనే ఇంకొక సంగతి జరిగెను. 1933 డిసెంబరులో ఆంధ్రదేశమున హరిజన యాత్ర సలిపి దక్షిణమునకు సాగిన గాంధీజీ, 1934 జనవరి 24వ తేదీన తిరునల్వేలిలో మాటలాడుచు, బీహారు ఉత్పాతము అస్పృశ్యతా పాపమునకు దేవుడు విధించిన శిక్షయని తన విశ్వాసమును తెలిపెను. రవీంద్రనాథ ఠాకూరుగారు నొచ్చుకొనిరి. ప్రకృతి సంభవములకు ప్రకృతి కారణములే యుండునుగాని వానిని నీతికి ముడివెట్టరాదనియు, అట్టి మాట అసలే మూఢవిశ్వాసములలో మునిగిన జనులను ఇంకను ముంచుననియు వారి వాదము. మహాత్ముడు ఆ ఖండనమును తన "హరిజన్" పత్రికలోనే ఫిబ్రవరి 16వ తేదీని ప్రకటించి, ప్రక్కనే తన సమాధానమును వ్రాసెను. అస్పృశ్యత పాపమనుటలో ఇరువురకును భేదము లేదు.

భూమి యేల కంపించుననుటలో రవీంద్రుని మాటయే నిలుచును. భూగర్భమునకు పాపపుణ్యములతో పనిలేదు. కాని విపత్తు వచ్చినపుడు మన నడవడిని మనము పరీక్షించుకొనవలెనను గాంధీజీ హెచ్చరికను వేఱొక చోట వర్తింపజేయవచ్చును. భూమి కదలుట ప్రకృతి. గోడ కూలుట మానవుల చేత. సిమెంటు దొంగిలించిన కంట్రాక్టరు పాపము, చూడకయే సంతకము పెట్టిన యధికారి పాపము గోడలో దాగియుండును. భూమి కదలిన నాడు ఆ పాపము బయటపడును. ఐతే అది చేసినవాని నెత్తిన పడదు; ఆ కప్పు క్రింద పలక పట్టి కూర్చున్న బాలుని నెత్తిన పడును. ఇంతకుమించిన అన్యాయము వేఱొకటి కలదా?

హిమాలయ ప్రాంతము మరల కంపించుననుటలో సందేహము లేదు. మన ద్వీపకల్పమును మోయు భూఫలకము ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరమునకు జరుగుచున్నది. అందులో ఇంచుమించు 2 సెంటీమీటర్ల ఒత్తిడి హిమాలయము క్రిందనే చిక్కుకొనుచున్నది. మన గోళ్లు పెరుగునంత నెమ్మదిగా సాగు ఈ నడక నూఱేండ్లలో రెండు మీటర్ల బాకీగా మాఱును. ఆ బాకీ యొక్కసారి చెల్లు దినమే మహాభూకంపము. 1934లో చీలిన చోటనే 1255లోను భూమి చీలినదని నేలను త్రవ్వి పరిశోధించిన శాస్త్రజ్ఞులు 2013లో ప్రకటించిరి. ఆ 1255 నాటి కంపమున నేపాల రాజు అభయమల్లుడే ప్రాణములు కోల్పోయెను. 1897లో అస్సాము, 1905లో కాంగ్‌డా, 1934లో బీహారు నేపాలములు, 1950లో మరల అస్సాము - ఇవన్నియు ఒకే పర్వతశ్రేణి పొడవున వచ్చిన తగాదాలు. ఋణము గలదని తెలియును. గడువు తేదీ మాత్రము పత్రములో వ్రాసి లేదు.

ఆ తేదీని చెప్పగలమనువారిని నమ్మరాదు. 1975 ఫిబ్రవరిలో చైనాలోని హైచెంగు నగరమున ముందు చిన్న కంపములు పెక్కు వచ్చుటచే అధికారులు జనులను ఇండ్లు విడిపించిరి. ఆ సాయంకాలమే పెద్ద కంపము వచ్చెను, వేలకొలది ప్రాణములు దక్కెను. లోకమెల్ల ఇక రహస్యము దొరకినదని సంతోషించెను. ఏడాదిన్నర గడువకమునుపే, 1976 జూలై 28వ తేదీ తెల్లవాఱుజామున, తాంగ్‌షాను నగరము ఏ హెచ్చరికయు లేకయే నేలమట్టమయ్యెను. ప్రభుత్వపు లెక్కకే 2,40,000 మందికి పైగా మరణించిరి. ఒకమారు తలుపు తట్టి వచ్చినది ఇంకొకమారు తట్టి వచ్చునని నియమము లేదు.

దీనికి ఎదురుగా నున్న తప్పు ఇంకొకటి గలదు. ఇటలీ దేశమున లాక్విలా పట్టణమున 2009లో నెలల తరబడి చిన్న కంపములు వచ్చుచుండెను. కంపము వచ్చిన రాత్రి ఇల్లు విడిచి బయట పరుండుట అచ్చటివారికి తాతలనాటి యలవాటు. అధికారులును శాస్త్రజ్ఞులును సమావేశమైన సందర్భమున, భయపడవలసిన పని లేదను భావము ప్రజలలో వ్యాపించెను. వారము గడువకమునుపే ఏప్రిల్ 6వ తేదీన 300 మందికి పైగా నిద్రలో సమాధియైరి. ఆరుగురు శాస్త్రజ్ఞులకును ఒక అధికారికిని 2012లో ఆరేండ్ల శిక్ష పడెను. 2014లో పై న్యాయస్థానము శాస్త్రజ్ఞులను నిర్దోషులని విడిచి, అధికారి శిక్షను తగ్గించెను. పై న్యాయస్థానపు తీర్పే సమంజసమని న్యాయవాద వృత్తిలో నున్న మేము తలచెదము. తెలియనిదానిని చెప్పలేదని శాస్త్రమును శిక్షింపరాదు. కాని ప్రజలకు లేని భయము కల్పించుట ఎట్లో, లేని ధైర్యము కల్పించుటయు అట్లే దోషము. "తేదీ చెప్పలేము, ఇల్లు గట్టిది కానిచో ఏ దినమైనను అపాయమే" యను నిజమును చెప్పుటకు ఏ ప్రభుత్వమును సంకోచింపరాదు.

కంపము పుట్టిన తరువాత, అది దూరమున నున్న నగరమును చేరకముందే వార్త పంపు యంత్రములు నేడు గలవు. భూగర్భమున మొదట బయలుదేఱు తరంగము సెకండుకు సుమారు 6 కిలోమీటర్లు పరుగెత్తును. ఇండ్లను ఎక్కువగా కూల్చు రెండవ తరంగము సుమారు 3 1/2 కిలోమీటర్లే పరుగెత్తును. మొదటిదానిని పసికట్టి తంతికన్న వేగముగ వార్త నంపినచో నూఱు కిలోమీటర్ల దూరమున నున్నవారికి ఇంచుమించు ఇరువది సెకండ్లు దొరకును. జపానున 2007 నుండియు ఈ యేర్పాటు దేశమంతట నున్నది. మన దేశమున ఉత్తరాఖండు ప్రభుత్వము రూర్కీ విద్యాసంస్థ సాయముతో 2021లో ఇట్టి హెచ్చరికను టెలిఫోనులకు చేర్చు ప్రయత్నమును ప్రారంభించినది. ఇది మెచ్చదగిన పని. రైలును ఆపుటకు, గ్యాసును కట్టివేయుటకు, బల్లక్రింద దూరుటకు ఇరువది సెకండ్లు చాలును. కాని కంపము పుట్టిన చోటనే యున్నవానికి ఒక్క సెకండైనను దొరకదు. మూడవ అంతస్తున మంచము పట్టియున్న ముసలమ్మకు ఇరువది సెకండ్లు దొరకినను ఒకటే, దొరకకున్నను ఒకటే. ఆమెను కాపాడవలసినది ఆమె తలమీది కప్పే.

ఈ విషయమున రెండు సంవత్సరములను ప్రక్క ప్రక్కన పెట్టి చూడుడు. 1950 ఆగస్టు 15వ తేదీ సాయంకాలము, దేశము స్వాతంత్ర్య దినోత్సవము జరుపుకొనుచుండగా, అస్సాము టిబెట్టు సరిహద్దున 8.6 ప్రమాణముగల కంపము వచ్చెను. నేలపై పుట్టి యంత్రములకెక్కిన కంపములలో ఇంతటిది వేఱొకటి లేదు. అస్సామున మరణించినవారు సుమారు 1,500. అందును పలువురు, కొండచఱియలు విఱిగిపడి నదికి అడ్డుగట్టి పిమ్మట తెగిన వరదలో కొట్టుకొనిపోయినవారు. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవాఱుజామున మహారాష్ట్రమున, మన సరిహద్దున కెంతో దూరము లేని కిల్లారి ప్రాంతమున, 6.2 ప్రమాణముగల కంపము వచ్చెను. శక్తి లెక్కకు అది ఇందులో 4,000వ వంతు. మరణించినవారు ఇంచుమించు 8,000. అస్సామున జనము పలుచన. కిల్లారిలో అది నిద్రవేళ. ఈ భేదములను మేము మఱవలేదు. అయినను ముఖ్యకారణము కన్నుల ఎదుట నున్నది. కిల్లారి ఇండ్లు గుండ్రాళ్లను మట్టితో పేర్చిన దొడ్డు గోడలవి. వాని కప్పులపై ఎండకు చలువయని ఏటేట పోసిన మట్టి బరువు వేఱు. గోడ విచ్చుకొనగనే ఆ బరువంతయు మంచములపై పడెను. 2023 నవంబరులో పశ్చిమ నేపాలమున జాజర్కోటు జిల్లాలో మధ్యమమైన కంపమునకే 150 మందికి పైగా అర్ధరాత్రి ముందు మరణించిరి. అవియు రాతి మట్టి గోడలే.

అస్సాము వారి యిండ్లు కట్టెచట్రమునకు ఇకర యను రెల్లు దడి కట్టి, మట్టి మెత్తి, పైన తేలికయగు కప్పు వేసినవి. 1897 నాటి మహాకంపము పిమ్మట ఆ పద్ధతి మఱింత వ్యాపించెను. కచ్చి దేశమున భుంగ లని పిలువబడు గుండ్రని మట్టియిండ్లు 2001 నాటి కంపమున పెక్కు నిలిచినవి. వానికి కొంచెము దూరమున నున్న క్రొత్త మేడలు కూలినవి. గఢ్వాలు కొండలలో రాతివరుసల నడుమ దేవదారు దూలములు కూర్చి కట్టిన అంతస్తుల యిండ్లు తరతరములుగ నిలిచియున్నవి. మన వడ్రంగి, మన ఉప్పరి, మన మేస్త్రి పుస్తకము చదువకయే గ్రహించిన విద్య ఇది. నేటి నాగరకత ఆ విద్యను మోటయని త్రోసివేసినది. దాని స్థానమున సిమెంటును తెచ్చినదిగాని, సిమెంటుతో కట్టవలసిన పద్ధతిని పల్లెకు తేలేదు. పాతది పోయి క్రొత్తది రాని ఈ నడిమి దారియే మిక్కిలి అపాయకరము.

క్రొత్త విద్యయు మనవారికి అందనిది గాదు. బెలూచిస్థానమున 1931లో మచ్ కంపము వచ్చిన తరువాత ఎస్. ఎల్. కుమార్ అను భారతీయ యువ ఇంజనీరు రైల్వే ఉద్యోగులకు కంపమును తట్టుకొను ఇండ్లను క్వెట్టాలో కట్టించెను. 1935 మే 31వ తేదీ తెల్లవాఱకముందు క్వెట్టా పట్టణము నేలకూలి 30,000 మందికి తక్కువగాక మరణించిరి. ఆ శిథిలముల నడుమ కుమారుగారి ఇండ్లు నిలిచినవి. మన దేశమున ఏ ప్రాంతమునకు ఎంత అపాయమో తెలుపు పటమును కూడ వారే మొదట గీసి ప్రచురించిరి. స్వరాజ్యము రాకమునుపే, పరుల కొలువులో నుండియే, ఒక్క భారతీయుడు ఇంత చేయగలిగెను. స్వరాజ్యము వచ్చిన పిమ్మట మనము చేయలేమనుటకు నోరెట్లు వచ్చును?

ఆ విద్యయందు మంత్రతంత్రములు లేవు. ఇటుక గోడల యింటికి పునాది మట్టమున, కిటికీల క్రింద, ద్వారబంధముల పైన, కప్పు క్రింద ఇనుప ఊచలతో కాంక్రీటు పట్టీలు నాలుగు గోడలను చుట్టి రావలెను. అవి మోపును కట్టిన త్రాటివలె గోడలను విడిపోనీయవు. మూలలలో నిలువు ఊచ యుండవలెను. రాతిగోడలో అచ్చటచ్చట ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు పట్టు నిడుపాటి రాయి పడవలెను. స్తంభములలో రింగులు దగ్గరగా నుండి, వాని కొనలు లోనికి వంచబడవలెను. వంచక విడిచిన రింగు కంపమున విచ్చుకొని స్తంభమును చేవదప్పించును. క్రింది అంతస్తున బండ్లు నిలుపుటకై గోడలు తీసివేసి సన్నని స్తంభములపై ఐదంతస్తులు నిలుపుట కొంగకాళ్లపై ఏనుగును నిలుపుటయే. 2001లో కంపము పుట్టిన చోటికి రెండువందల కిలోమీటర్లకు పైగా దూరమున నున్న అహమ్మదాబాదున కూలిన మేడలలో ఇట్టివి పెక్కు. ఇవన్నియు చేయుటకు అయ్యెడి అదనపు ఖర్చు ఇంటి నిర్మాణ వ్యయములో స్వల్ప భాగము. ఇల్లు కట్టి చూడు పెండ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. గృహప్రవేశపు విందునకును ముందు గోడకు పలుచరాళ్లు అంటించుటకును అయ్యెడి ధనములో కొంత గోడలోని పట్టీలకు వినియోగించినచో చాలును.

ఇక చట్టము మాట. భూకంపమును తట్టుకొను కట్టడములకు ప్రమాణ గ్రంథము మన దేశమున 1962లోనే వెలువడినది. 2002 నాటి పటము దేశమును నాలుగు మండలములుగ విభజించినది. దాని ప్రకారము మన భూభాగమున ఇంచుమించు 59 శాతమునకు మధ్యమముగనో తీవ్రముగనో అపాయము గలదు. 2005లో విపత్తు నిర్వహణ చట్టము వచ్చినది. గ్రంథములకు కొదవ లేదు. కాని ప్రమాణ గ్రంథము తనంతట చట్టము గాదు. రాష్ట్రముల భవన నిబంధనలలో చేరి, పురపాలక సంఘము దానిని అమలు జరిపిననే అది గోడ వఱకు వచ్చును. పల్లెలో కట్టు ఇండ్లు పెక్కు ఏ పరీక్షకును రానే రావు. పట్టణములలో ప్లాను ఒకటి, కట్టడ మింకొకటి. పైపెచ్చు, అనుమతి లేక లేపిన అంతస్తులను అపరాధ రుసుము పుచ్చుకొని క్రమబద్ధము చేయు పథకములు రాష్ట్రము తరువాత రాష్ట్రమున వచ్చుచున్నవి. మన తెలుగు రాష్ట్రములకును అవి క్రొత్తగావు. రుసుము చెల్లించినచో కాగితము సరిపడును. స్తంభము బలపడునా? ధనము ఖజానాకు చేరిన క్షణమున ఆ యింటి యపాయము ప్రభుత్వ ముద్రతో స్థిరపడుచున్నది. క్రమబద్ధము చేయుటకు ముందు ఆ కట్టడమును బలపఱచి తీరవలెనను షరతు లేని పథకమును ఏ శాసనసభయు అంగీకరింపరాదు.

అన్నిటికంటె మొదట బడులను చూడవలెను. 2001 జనవరి 26వ తేదీ ఉదయము కచ్చిలోని అంజారు పట్టణమున బాలబాలికలు గణతంత్ర దినోత్సవపు ఊరేగింపులో ఇఱుకు వీధిలో నడచుచుండిరి. ఇరుప్రక్కల ఇండ్లు వారిపై కూలెను. సుమారు 185 మంది పిల్లలు, 20 మంది ఉపాధ్యాయులు మరణించిరి. త్రివర్ణ పతాకమును చేతపట్టి నడచిన పిల్లలను మన గోడలు చంపినవి! 2015 ఏప్రిల్ 25వ తేదీన నేపాలమున 7.8 కంపమునకు ఇంచుమించు 9,000 మంది మరణించినపుడు వేలకొలది తరగతిగదులు కూలెను. ఆ దినము శనివారము. అచ్చట అది సెలవు దినము గనుక పిల్లలు బడులలో లేరు. ఒక జాతి సంతానము పంచాంగము దయచే బ్రతికెను. అదే ఖాట్మండు లోయలో, ముందుచూపుతో బలపఱచిన బడులు కూలక నిలిచి, జనులకు తలదాచుకొను తావులయ్యెను. ఇంతకన్న తేటయైన సాక్ష్యము ఏ న్యాయస్థానమునకు కావలెను?

బీదదేశమున ఇవి యెట్లు సాధ్యమని కొందఱడుగుదురు. కూలినదానిని మరల కట్టుటకు ధనము ఎక్కడనుండియో వచ్చుచునే యున్నది. కూలకముందు బలపఱచుటకు మాత్రము రాదనుట వింత. ఇల్లు కాలుచుండ బావి త్రవ్వువాని సామెత మనకు చిన్ననాటినుండియు తెలిసినదే. రాసిపెట్టినది తప్పదని మఱికొందఱందురు. రాసిపెట్టినది భూమి కదలుట మాత్రమే. గోడలో పట్టీ వేయకుండుట విధి వ్రాసినది గాదు. తాము పోయినను సరేయని యొకడు తన యింటిని నిర్లక్ష్యము చేయవచ్చును. పరుల బిడ్డలు చదువు బడిని, రోగులు పరుండు ఆసుపత్రిని విధికి వదలుటకు ఎవరికిని హక్కు లేదు.

బీహారు కొంత మేలుకొన్నది. ఏటేట జనవరి 15 మొదలు వారము దినములు భూకంప భద్రతకై వినియోగించుచున్నది. బడులలో శనివారము శనివారము విపత్తులనుండి తప్పించుకొను పాఠములు చెప్పించుచున్నది. పిల్లవానికి బల్లక్రింద దూరుట నేర్పుట మంచిదే. బల్లపై పడు కప్పును గూర్చి ఇంజనీరునకు నేర్పుట అంతకన్న మంచిది. 2011 లెక్కలలో బీహారు జనసంఖ్య 10 కోట్లు దాటినది. 1934లో ఇసుక చిమ్మిన ఆ మెత్తని నేలపైననే నేడు అంతస్తుల మేడలు లేచుచున్నవి. నాటి కంపమే మరల వచ్చినచో అది నాటి లెక్కతో పోదు.

మనము గోదావరి కృష్ణా తీరములవారము. హిమాలయ ప్రజల యపాయము మనకు లేదు. కాని బొత్తుగ లేదనుకొనుట భ్రమ. 1969 ఏప్రిల్ 13వ తేదీన భద్రాచల ప్రాంతమున 5.7 ప్రమాణముగల కంపము వచ్చినది. 2024 డిసెంబరు 4వ తేదీ ఉదయము ములుగు జిల్లాలో 5.3 కంపము పుట్టి హైదరాబాదు వఱకు ఇండ్లను ఊపినది. ఆ దినము జనులు వీథులలోనికి వచ్చి, ఒక గంట మాటలాడుకొని, పనులకు పోయిరి. ద్వీపకల్పము కదలని నేలయని నమ్మియున్న కిల్లారిని మనము తలచుకొనవలెను. హైదరాబాదున 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ దేశమునకే ఈ శాస్త్రమున దారి చూపుచున్నది. దీపము క్రిందనే చీకటి యుండనీయరాదు.

కావున ఏమి చేయవలెను? ప్రతి జిల్లాలోను బడులను, ఆసుపత్రులను ఇంజనీర్లచే పరీక్షింపజేసి, దుర్బలమైనవాని పట్టికను ప్రజలు చదువుకొనునట్లు కచేరీ గోడపై అంటింపవలెను. ఏటేట ఎన్నిటిని బలపఱచిరో దాని ప్రక్కన వ్రాయవలెను. మేస్త్రీలకు వారి భాషలో, వారు పనిచేయు చోటనే, కూలి నష్టములేకుండ శిక్షణమిచ్చి యోగ్యతాపత్రము లియ్యవలెను. ఇల్లు కట్టుకొనువారు ఆ పత్రము గలవానినే పిలువవలెను. ప్రభుత్వ ధనముతో కట్టు పేదల యిండ్లలో పట్టీలు లేనిదే బిల్లు చెల్లింపరాదు. క్రమబద్ధీకరణకు ముందు కట్టడపు బలమును రుజువు చేయవలెను. న్యాయవాదులును ఊరకుండరాదు, కూలిన తరువాత పరిహారమునకై దావా వేయుట కన్న, కూలకముందు నిబంధనల అమలునకై న్యాయస్థానము తలుపు తట్టుట ఈ వృత్తికి గౌరవము.

యువకులకు ఒక్క మాట. 1934లో మీ తాతముత్తాతల వయసు వాలంటీర్లు శిథిలములు త్రవ్విరి. ఆ సేవ గొప్పది. కాని శవమును వెలికితీయు చేతులకన్న శవము కాకుండ కాపాడు చేతులు ధన్యములు. సెలవులలో మీ యూరి బడికి పొండు. గోడల బీటలను గుర్తించి వ్రాయుడు. పంచాయతీకి అర్జీ పెట్టుడు. జవాబు రానిచో మరల పెట్టుడు. క్రొత్త యిల్లు లేచుచోట నిలిచి, ద్వారబంధము మీద పట్టీ వేయుచున్నారా యని మేస్త్రిని మర్యాదగా అడుగుడు. దీనికి సభలు అక్కఱలేదు, దండలు అక్కఱలేదు. పత్రికలలో పేరును రాదు. కూలని బడి వార్త కాదు గదా. భూమి ఏనాడు కదలునో ఎవరును చెప్పలేరు. ఆనాడు మన గోడలు నిలుచునో లేదో మనము నేడే చెప్పగలము. ఆ జవాబును మన గ్రామములు, మన నగరములు వెదకి ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము.